పూత మీద బేరం

రెడ్డిగూడెం చూడాలంటే జనవరి నెలాఖరులో వెళ్లాలి. వేసవిలో పళ్ల కోసం అందరూ వస్తారు గానీ అప్పుడు లారీలు, ప్లాస్టిక్ ట్రేలు, దుమ్ము తప్ప ఊరు కనపడదు. పూత టైములో వస్తే వేరే. విజయవాడలో మైలవరం బస్సెక్కి, అక్కడ ఆటో మారితే చాలు. కాసేపటికే రోడ్డుకి రెండు పక్కలా తోటలు మొదలవుతాయి. ఆకు కనపడదు. చెట్ల మీద ఎవరో లేత గోధుమరంగు దుప్పట్లు కప్పి వెళ్లినట్టుంటుంది. వాసన కొంచెం తీపి, కొంచెం పులుపు, దాని వెనకాల ఇంకేదో ఘాటు. ఆ ఘాటు పూతది కాదు, మందుది.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, పక్కనున్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది. మామిడి చెట్లకి ఆ సంగతి తెలీదు. బజార్లో ఇక్కడి కాయ కూడా నూజివీడు రసాల పేరుతోనే అమ్ముడుపోతుంది. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు (తోతాపురిని ఇక్కడ అలాగే అంటారు), ఏ తోటలో చూసినా ఈ నాలుగూ ఉంటాయి. కాయలెక్కువ విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కి వెళ్తాయి, అక్కణ్ణుంచి ఉత్తరాదికి.

నాకూ ఈ ఊరికీ చుట్టరికం నూజివీడు ట్రిపుల్ ఐటీ వల్ల. ఆరేళ్లు హాస్టల్లో ఉన్నాను. నా రూమ్మేటుది రెడ్డిగూడెం దగ్గర పల్లె. సంక్రాంతి సెలవులు అయిపోయినా రెండు రోజులు ఎగ్గొట్టి వాళ్ల తోటలో పడుండేవాళ్లం. ఇప్పుడు నేను బెంగళూరులో, వాడు హైదరాబాద్‌లో, ఇద్దరం కోడ్ రాసుకుంటూ బతుకుతున్నాం. వాడి నాన్నని నేను బాబాయ్ అంటాను. ఈ ఏడాది వాడు ఫోన్ చేసి, "బాబాయ్ తోట గుత్తకిచ్చేస్తాడంట, నువ్వూ రారా, ఒకసారి చూసి పోదాం" అంటే వెళ్లాను.

వాళ్ల తోట చివర, చెరువు గట్టు వైపు ఒక పెద్ద చింతచెట్టుంది. మేం హాస్టల్లో ఉన్న రోజుల్లో దాన్ని తేనెల చింత అనేవాళ్లం. పైకొమ్మలకి నల్లగా, చాటలంత పట్లు వేలాడుతుండేవి. బాబాయ్ చిన్నప్పుడైతే పదిహేను పట్ల దాకా ఉండేవట. కొండూరు వైపు తండాల నుంచి మనుషులు రాత్రిపూట వచ్చి, పొగపెట్టి, తేనె తీసి, సగం ఇంటివాళ్లకిచ్చి వెళ్లేవాళ్లట. మేం చూసేనాటికే అయిదారు మిగిలాయి. ఈసారి ఒక్కటుంది. నిరుడు అదీ లేదట.

ఆ పట్టు పెట్టేవి పెద్ద తేనెటీగలు. కొండతేనె ఇచ్చేవి ఇవే. పెట్టెల్లో పెంచడానికి లొంగవు. ఒకే ఒక్క రేకు పట్టు, ఆరుబయట, అందని ఎత్తులో. అవి కాక మన దగ్గర చెట్టు తొర్రల్లో, పుట్టల్లో వరసగా నాలుగైదు రేకులు పెట్టుకునేవి ఇంకో జాతి. పొదలో పుల్ల చుట్టూ అరచేయంత పట్టు కట్టే చిన్నవి మరో జాతి. గోడ పగుళ్లలో, మోడుల్లో ఉంటూ, అసలు కుట్టని మిరియపు గింజంత ఈగలున్నాయి. ఎండుకర్రకి బెజ్జం పెట్టుకుని ఒంటరిగా బతికే నల్ల తుమ్మెదలున్నాయి. ప్రపంచంలో తేనెటీగల జాతులు 20 వేలకి పైనే. వాటిలో మనం పెట్టెల్లో పెట్టుకుని పెంచేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవన్నీ అడవివే, లేదా ఇలా తోట గట్ల మీదవే.

పెద్ద తేనెటీగల గురించి నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. అవి వలస పక్షుల్లాంటివి. పూలు అయిపోగానే పట్టు వదిలేసి ఎగిరిపోతాయి, నెలల తర్వాత తిరిగొస్తాయి. అస్సాంలో జన్యుపరీక్షలు చేసి చూస్తే, వెళ్లిన రాణి ఈగే మళ్లీ వెనకటి చోటికి వచ్చిందని తేలింది. 2000లో నేచర్ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. కూలీ ఈగల ఆయుష్షు వారాల్లోనే అయిపోతుంది కాబట్టి, వెనక్కొచ్చే గుంపులో ఎక్కువమంది ఆ చెట్టుని మునుపు చూసినవాళ్లు కాదు. అయినా వస్తారు. మా బాబాయ్‌కి ఈ మాట చెబితే, "మా వాళ్లే హైదరాబాద్ నుంచి ఇంటికి రావడానికి గూగుల్ మ్యాప్ పెట్టుకుంటారు" అన్నాడు కొడుకు వంక చూసి.

ఇక మామిడి పూత సంగతి. పొద్దున ఎనిమిదింటికి ఒక చిన్నరసం చెట్టు కింద కూచుని పూగుత్తిని దగ్గర్నుంచి చూశాం. ఒక్కో గుత్తికి వందల నుంచి వేల దాకా పూలు. ఒక్కో పువ్వూ ఆవగింజకి అన్నయ్యంత. అన్నీ ఒకలాంటివి కావు. చాలావరకు మగపూలే, కాయగా మారగలిగినవి కొన్నే. వాటిలోనూ వందకి ఒకటి కూడా కోతదాకా నిలవదు. పుప్పొడికి జిగురుంటుంది, కాబట్టి గాలిని నమ్ముకుంటే లాభం లేదు. ఆరు కాళ్లున్న ఎవరో ఒకరు మోయాలి.

నిజం చెప్పాలంటే మామిడికి ఆ మోత పని చేసేది తేనెటీగలొక్కటే కాదు. ఈగలదే పెద్ద చెయ్యి. పూల ఈగలు, నీలిరంగు పెద్ద ఈగలు, మనం అసహ్యించుకునే ఇంటి ఈగలు కూడా. ఆస్ట్రేలియాలో మామిడి రైతులు కొందరు పూత టైములో తోటలో చేపల తుక్కు పెట్టి మరీ ఈగల్ని పిలుచుకుంటారు. అందుకే "తేనెటీగ పోతే మామిడి పండదు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అడవి తేనెటీగల కష్టం అంతకంటే మెలికగా ఉంది. మామిడికి వాటి అవసరం కొంతే. కానీ వాటి బతుకంతా మామిడి తోట చేతుల్లో ఉంది, ఎందుకంటే ఇక్కడ ఎటు చూసినా అదే ఉంది.

మేం కూచున్న అరగంటలో ఈగలు బాగానే వచ్చాయి. కుట్టని చిన్నవి రెండు మూడు. పొదలో పట్టుపెట్టేది ఒకటి. చింతచెట్టు మీది పెద్దవి ఒక్కటీ రాలేదు. పక్క తోటలో ట్రాక్టర్ స్ప్రేయర్ చప్పుడు మొదలవగానే మేమూ లేచిపోయాం.

ఆ స్ప్రే దేనికంటే, తేనెమంచు పురుగుకి. పేరు చూడండి. మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు పూగుత్తిలో రసం పీల్చి, తియ్యటి జిగురు కారుస్తుంది. ఆకులు తళతళలాడతాయి, తర్వాత ఆ తీపి మీద మసిలాంటి బూజు పడుతుంది, పూత మాడి రాలిపోతుంది. చెట్టు కింద నిలబడితే చినుకులు పడ్డట్టు మీద పడతాయి ఆ పురుగులు. ఒక సీజన్ చూసినవాడెవడూ రైతుని "మందు ఎందుకు కొట్టావ్" అని అడగడు. 2021లో మిర్చి తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఆ తర్వాత మామిడి పూత మీదికీ దిగింది. భయం రెట్టింపైంది.

పురుగుమందు ఎప్పుడు కొట్టాలో ఉద్యానశాఖ వాళ్లు ఏటా చెబుతూనే ఉంటారు. మొగ్గ పగిలేటప్పుడు ఒకసారి, అవసరమైతే పిందె బఠాణీ గింజంత అయ్యాక ఇంకోసారి. మధ్యలో పూత విచ్చుకుని ఉన్న రోజుల్లో వద్దు. నూజివీడులో మామిడి పరిశోధన కేంద్రమే ఉంది, ఈ మాట చెవినపడని రైతు లేడు. మరి ఎందుకు కొడతారు? దీనికి జవాబు పురుగుమందుల కొట్లో దొరకలేదు నాకు. బాబాయ్ ఇంటి అరుగు మీద దొరికింది.

ఈ ప్రాంతంలో చాలా తోటల్ని సొంతదారు కాయించడు. పిల్లలు ఊళ్లో లేరు, కూలీలు దొరకరు, ఒంట్లో ఓపిక లేదు. వ్యాపారి వస్తాడు. పూత చూసి, చెట్లు చూసి, ఇంత అని బేరం చేస్తాడు. దాన్నే పూత మీద అమ్మడం అంటారు. కొందరు రెండేళ్లకీ మూడేళ్లకీ గుత్తకిస్తారు. అడ్వాన్సు చేతిలో పడ్డ రోజు నుంచి మందు ఎప్పుడు కొట్టాలో, ఏది కొట్టాలో, ఎన్నిసార్లో వ్యాపారి ఇష్టం. ఆయన పెట్టిన డబ్బు అప్పుది, వడ్డీ నడుస్తుంటుంది. పూత రాలితే వడ్డీ ఆగదు. అలాంటి మనిషి వారానికోసారి డ్రమ్ము కలపకుండా ఎలా ఉంటాడు? వచ్చే ఏటికి ఈ తోటలో ఈగలుంటాయా, చింతచెట్టుకి పట్టు వస్తుందా అన్నది ఆయన లెక్కలో ఎందుకుండాలి? వచ్చే ఏడు ఆయన ఇంకో తోటలో ఉంటాడు. తోట సొంతదారుకి ఆ లెక్క ఉండొచ్చు, కానీ స్ప్రేయర్ ఆయన చేతిలో లేదు. దేశంలో పశుగణన ఉంది. గేదెకి, గొర్రెకి, కోడికి లెక్కుంది. గట్టు మీద పట్టుకి యజమానే లేడు, ఇక లెక్కెవరు రాస్తారు?

డ్రమ్ములో కలిపేవాటిలో ఇమిడాక్లోప్రిడ్ తరచూ వినపడే పేరు. అది ఆకు పైన ఉండిపోయేది కాదు, చెట్టు రసంలో కలిసి పుప్పొడికీ తేనెకీ చేరగలదు. పురుగు నరాల మీద పనిచేస్తుంది. తేనెటీగకీ నరాలే కదా. మోతాదు ఎక్కువైతే అక్కడికక్కడే చస్తుంది. తక్కువైతే చావదు, దారి మర్చిపోతుంది. ఐరోపా సమాఖ్య 2018లో ఈ మందునీ, దీని తోబుట్టువులైన మరో రెంటినీ ఆరుబయట పొలాల్లో వాడొద్దని ఆపేసింది. మన దగ్గర పనిచేసినవాళ్లూ ఉన్నారు. కలకత్తా విశ్వవిద్యాలయం పరిశోధకులు తూర్పు రాష్ట్రాల్లో పురుగుమందులు ఎక్కువ వాడే పొలాల దగ్గర మన నాటు తేనెటీగల్ని పట్టి పరీక్షిస్తే, వాటికి వాసన పసిగట్టే శక్తి తగ్గిందని 2015లో తేల్చారు. పువ్వు వాసన తెలియని తేనెటీగ బతికున్నట్టా, లేనట్టా?

అయితే తప్పంతా పూత మందు మీదికి నెట్టేస్తే కథ సగమే చెప్పినట్టు. మామిడి పూసేది ఏడాదికి రెండు నెలలు. మిగతా పది నెలలు ఆ ఈగలు ఏం తింటాయి? ఈ ప్రశ్న నాకు తట్టలేదు, నా స్నేహితుడి నానమ్మకి తట్టింది. "ఇదివరకు మామిడి అయ్యాక వేప పూసేది, కానుగ పూసేది, నేరేడు పూసేది. వానలకి తోటంతా తుమ్మి మొక్కలే. ఇప్పుడేవిరా?" అంది. నిజమే, ఇప్పుడు తోటలో చెట్ల మధ్య నేల అద్దంలా ఉంది. గడ్డిమందు కొట్టారు. తుమ్మి లేదు, ఉత్తరేణి లేదు. గట్ల మీద కానుగలు, నేరేళ్లు ట్రాక్టర్ తిరగడానికి అడ్డమని తీసేశారు. ఒకప్పుడు తోటల పక్కన వేసిన నువ్వు, కంది, పెసర పోయి, మొక్కజొన్న వచ్చింది. మొక్కజొన్నకి గాలి చాలు, ఈగ అక్కర్లేదు. దానిలో తేనె కూడా ఉండదు.

మామిడి కొట్టేసి ఆయిల్‌పామ్ వేస్తున్నవాళ్లూ ఉన్నారు. దాని కథ భలేది. ఆయిల్‌పామ్ పుట్టిల్లు ఆఫ్రికా. మలేషియాలో వేల ఎకరాలు నాటారు గానీ గెలలు సరిగ్గా కట్టలేదు. మనుషుల్ని పెట్టి, పుప్పొడి చేత్తో చల్లించేవారు. చివరికి 1981లో కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కుపురుగుని తెచ్చి తోటల్లో వదిలితే, చేత్తో చల్లే పని తప్పింది. తర్వాత ఆ పురుగుని మన దేశానికీ తెచ్చారు. దేశంలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది ఇక్కడికి దగ్గర్లోనే, ఏలూరు పక్కన పెదవేగిలో. అంటే పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోసే పనివాడు లేకపోతే ఎంత ఖర్చో, తెచ్చుకుంటే ఎంత లాభమో ఈ చుట్టుపక్కలే తెలిసినవాళ్లున్నారు. సముద్రాలు దాటించి ఒకణ్ణి తెచ్చుకున్నాం, ఊరకే వచ్చేవాళ్లని పొమ్మంటున్నాం.

"పెట్టెలు తెచ్చి పెట్టుకోండి, సరిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పెట్టెలు మంచివే. తేనె వస్తుంది, పూతకి కొంత సాయం. కానీ పెట్టెల్లో ఎక్కువగా ఉండేది విదేశీ తేనెటీగ. మందు కొట్టే రోజు పెంపకందారు రాత్రికి రాత్రి పెట్టెలు లారీలో వేసుకుని వేరే ఊరు పోగలడు. చింతచెట్టు మీదివాళ్లకి లారీ లేదు. పైగా పెట్టెలు పెరిగాయి కాబట్టి తేనెటీగలు పెరిగాయనుకోవడం, కోళ్లఫారాలు పెరిగాయి కాబట్టి పిచ్చుకలు బాగున్నాయి అన్నట్టుంటుంది. పెట్టెల్లో ఉన్నంత మాత్రాన గండం లేదనీ కాదు. 1991, 92 ప్రాంతంలో ఒక వైరస్ వచ్చి, దక్షిణాదిలో పెట్టెల్లో పెంచుతున్న నాటు తేనెటీగల్లో 90 శాతానికి పైగా గూళ్లని తుడిచిపెట్టేసింది. ఇప్పుడు విదేశీవి ఇంత కనపడటానికి అదొక కారణం.

నేనుండే ఊరి సంగతీ చెప్పాలి, లేకపోతే పల్లెటూరి రైతుని వేలెత్తి చూపించినట్టవుతుంది. ఇవే పెద్ద తేనెటీగలు బెంగళూరులో అపార్టుమెంట్ల బాల్కనీల కింద, నీళ్ల ట్యాంకుల కింద పట్లు పెడతాయి. మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టిన అరగంటకి పెస్ట్ కంట్రోల్ నంబర్ వస్తుంది. సాయంత్రానికి కింద పార్కింగ్‌లో చీపురుతో ఊడ్చేటన్ని ఈగలు. అక్కడ మందు కొట్టకపోయినా సుఖం లేదు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం వాళ్లు ఊళ్లో వేర్వేరు చోట్ల ఈ పెద్ద తేనెటీగల్ని పట్టి చూశారు. గాలి బాగా పాడైన చోట్ల పట్టినవి 80 శాతానికి పైగా ఒక్క రోజులోనే చచ్చిపోయాయని 2020లో ప్రకటించారు. నేను ఆ గాలే పీలుస్తున్నాను కాబట్టి ఆ పేపర్ రెండుసార్లు చదివాను.

మళ్లీ అరుగు మీదికి వద్దాం. వ్యాపారి సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. మంచి మనిషి, మాట మర్యాద తెలిసినవాడు. నానమ్మకి దణ్ణం పెట్టి కూచున్నాడు. తోట ఎనిమిదెకరాలు. రెండేళ్లకి గుత్త అడిగాడు. రేటు మీద కాసేపు లాగులాట అయ్యాక బాబాయ్ ఒక షరతు పెట్టాడు: పూత విచ్చుకున్నాక పిందె కట్టేదాకా పురుగుమందు కొట్టకూడదు, తప్పనిసరైతే పొద్దు కుంకాక కొట్టాలి, గడ్డిమందు అసలొద్దు.

"రాత్రి పూట కూలీలు ఎవరొస్తారండీ?" అన్నాడు వ్యాపారి. "మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ నల్ల తామర పడితే నాలుగు రోజుల్లో పూతంతా పోద్ది. అప్పుడు నా డబ్బు మీరిస్తారా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. నా స్నేహితుడు నీలిరంగు జిగురు అట్టల గురించి చెప్పాడు, వేపనూనె గురించి చెప్పాడు. చెట్ల మధ్య గుబురు కొమ్మలు తీసి వెలుతురు పడనిస్తే తేనెమంచు పురుగు తగ్గుతుందన్నాడు. వ్యాపారి అన్నీ విన్నాడు. అన్నీ ఆయనకి ముందే తెలుసు. "గుబురు కొమ్మలు ఈ ఏడు తీస్తే ఫలితం ఎల్లుండికొస్తది బాబూ. నా గుత్త రెండేళ్లేగా" అన్నాడు నవ్వుతూ. షరతుకి ఒప్పుకోవాలంటే ఎంత తగ్గించాలో కూడా చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను గానీ, వాడి చెల్లెలి పెళ్లి ఈ మేలో ఉంది, ఆ తగ్గేది చిన్న మొత్తం కాదు.

అరగంట నలిగాక ఒక దారి దొరికింది. ఆరెకరాలు ఆయనకి, ఆయన ఇష్టప్రకారం. చెరువు గట్టు వైపు రెండెకరాలు బాబాయ్ ఉంచుకుంటాడు. అందులో గడ్డిమందు కొట్టడు, వానలకి గట్టు మీద కానుగలు నాటతాడు, పూత విచ్చాక మందు ముట్టుకోడు. ఆ రెండెకరాల్లో ఈ ఏడు నష్టమొస్తే నేనూ నా స్నేహితుడూ పంచుకుంటామన్నాం. బాబాయ్ మొదట ఒప్పుకోలేదు, "మీ జీతాలు మీరు దాచుకోండిరా" అన్నాడు. తర్వాత ఊరుకున్నాడు.

రెండెకరాలతో ఏమవుతుంది? పెద్ద తేనెటీగ మేతకి కిలోమీటర్లు వెళ్తుంది. పక్క ఆరెకరాలూ దాని హద్దులోవే, రోడ్డవతల తోటలూ దాని హద్దులోవే. కానీ గూటి దగ్గర్లో పది నెలల తిండి దొరకడం ఒక ఎత్తు, దొరక్కపోవడం ఒక ఎత్తు. కుట్టని చిన్న ఈగలైతే కొన్ని వందల మీటర్లు దాటి పోవు. వాటికి రెండెకరాలు ఒక ఊరు. ఈ మాట వ్యాపారికి చెబితే, "అయితే మీ ఈగలు నా చెట్ల మీద కూడా వాలతాయి కదండీ, ఆ లాభం నాకూ వస్తది" అన్నాడు. వస్తుంది.

లేవబోతూ ఆయన గట్టు వైపు చూశాడు. "ఆ చింత నీడకి ఒక వరస మామిడి సరిగ్గా కాయట్లేదండీ. రెండు పెద్దకొమ్మలు కొట్టించేస్తే..."

"అది నా రెండెకరాల్లో ఉందండీ" అన్నాడు బాబాయ్.

"సరే సరే" అని వ్యాపారి సంచి జిప్పు తీసి, అడ్వాన్సు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నానమ్మ టీ తేవడానికి లోపలికెళ్లింది.